ఎవరూ లాగని తాడు

ఈ ఏడాది మా వీధిలోనే ముగ్గురు పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరారు. చేరేముందు ఒక్కొక్కరే వచ్చి, "ఆంటీ, లీన్ అంటే ఏంటండీ? ఇంటర్వ్యూలో అడిగేరండీ" అని అడిగి వెళ్ళారు. ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పాను. మూడూ నాకే నచ్చలేదు. రిటైరై మా ఊరు పలివెల వచ్చేశాక నాకు తీరికకు కొదవ లేదు గనక, కూర్చుని సరిగ్గా చెబుదామని మొదలుపెట్టాను.

ముందే ఒక మాట. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ సర్టిఫికెట్టు గోడకెక్కిందో ఇందులో ఉండదు. అవి చదివి బాగుపడినవాళ్ళని నేను చూడలేదు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది నలుగురైదుగురు మనుషుల దగ్గర, నాలుగైదు తప్పుల దగ్గర. ఆ తప్పుల్లో ఒకటి ఒక మనిషి బతుకుతెరువు మీదికి వచ్చింది. దాన్ని దాచకుండా రాస్తాను.

బల్ల

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, మద్రాసు శివార్లలో ఒక మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేరాను. ఆ షెడ్డు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా ఫోర్‌మన్ పెరుమాళ్ గారు. తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవారు, అదీ రోజుకి పది మాటలకు మించకుండా.

మా లైనులో ఒక మిషను ఇనప ముక్కకి బెజ్జం వేసేది. పక్క మిషను ఆ బెజ్జంలో మరమేకు పట్టేలా మర తీసేది. రెండింటికీ మధ్య ఒక పెద్ద బల్ల. మొదటివాడు చేసినవన్నీ బల్ల మీద పేర్చేవాడు, రెండోవాడు తీరుబడిగా తీసుకునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం రెండోవాడు ఒక ముక్క తీసుకుని చూసి, బెజ్జం వెంట్రుకవాసి పక్కకి జరిగిందన్నాడు. తీరా చూస్తే పొద్దుటినుంచీ చేసినవన్నీ అంతే. బల్ల నిండా తుక్కు.

నేను ఉత్సాహంగా నాలుగు పేజీల రిపోర్టు రాశాను. రెండు మిషన్ల మధ్య తనిఖీకి ఇంకో మనిషిని పెట్టాలన్నది దాని సారాంశం. పెరుమాళ్ గారు దాన్ని ఓపిగ్గా చదివి, మడిచి నా చేతిలోనే పెట్టి, ఇద్దరిని పిలిచి ఆ బల్ల బయట పెట్టించేశారు. మర్నాటినుంచి రెండోవాడు మొదటివాడి చేతిలోంచి ముక్క అందుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ తిట్టుకున్నారు. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. మూడో రోజు బెజ్జం మళ్ళీ జరిగింది. ఈసారి రెండో ముక్కకే దొరికిపోయింది.

"తప్పు వెతకడానికి మనిషిని పెట్టకమ్మా. తప్పు దాక్కునే చోటు తీసెయ్," అన్నారు పెరుమాళ్ గారు. ఆ రోజు కోటా మాటలు అక్కడితో అయిపోయాయి.

ఆ లైను పైన పొడుగునా ఒక తాడు ఉండేది. తేడా కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు. గంట మోగుతుంది, లైను ఆగుతుంది. ఒక ముక్క మీద అనుమానం వచ్చి నేను మొదటిసారి లాగాను. లాగాక చూస్తే ముక్క బాగానే ఉంది. లైనంతా ఆపినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. పెరుమాళ్ గారు వచ్చి చూసి, "మంచిది," అని వెళ్ళిపోయారు. ఆయన ఒక్క మాట విసుక్కుని ఉంటే నేను మళ్ళీ ఆ తాడు ముట్టుకునేదాన్ని కాదు.

లీన్ అంటే నాకు అర్థమైనది ఇంతే. మధ్యలో పడి ఉండే పనిని తగ్గించడం, తేడా కనబడగానే ఆగడం. ఈ పద్ధతి జపాను కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టింది, మిగతా జపాను మాటలు మీరు పుస్తకాల్లో చదువుకోవచ్చు.

అందరూ బిజీ

ఫ్యాక్టరీలోకి కంప్యూటర్లు వచ్చాక వాటి పని నేర్చుకుని, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీకి మారాను. కొన్నేళ్ళకి ప్రాజెక్టులు నడిపే బాధ్యత ఇచ్చారు. అక్కడ నేను చేసిన మొదటి ఘనకార్యం, ఎవరినీ ఖాళీగా కూర్చోనివ్వకపోవడం. ఒకరి చేతిలో పని అయిపోయిందంటే చాలు, ఇంకో ప్రాజెక్టు పని అంటగట్టేదాన్ని. ఒక్కొక్కరి నెత్తిన మూడు నాలుగు పనులు. నా చార్టు చూసి మా డైరెక్టరు గారు మహా సంతోషించారు. ఆ ఏడు ఒక్క ప్రాజెక్టు కూడా చెప్పిన తేదీకి పూర్తి కాలేదు.

ఆ రోజుల్లోనే మా మేనమామ ఏదో పని మీద హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగారు. రావులపాలెంలో అరటి వ్యాపారం ఆయనది. నా గోడు విని, "కోత కూలీలు ఖాళీగా ఉన్నారని గెలలన్నీ కోయించేస్తామేటే?" అన్నారు. "లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుని, ఎన్ని గెలలు పడతాయో చూసుకుని కోయిస్తాం. కూలీ గట్టు మీద ఓ గంట కూర్చుంటే కొంపలేం మునగవు. కోసిన గెల కూర్చుంటే మాత్రం మగ్గిపోద్ది."

మావాళ్ళు రాసిన ప్రోగ్రాములు కూడా అలాగే మగ్గుతున్నాయి. రాసినవి పరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసేవి. పరీక్షించే వేళకి రాసినవాడు వేరే పనిలో పడి, ఏం రాశాడో తనే మరిచిపోయేవాడు. ఫ్యాక్టరీలో బల్ల కంటికి కనబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బల్ల కంప్యూటర్ లోపల ఉంటుంది కాబట్టి ఎంత నిండినా ఎవరికీ అడ్డు రాదు. అందుకని గోడ మీద చీటీలు అంటించడం మొదలుపెట్టాను. ఒక్కో పనికి ఒక చీటీ. చేతిలో ఉన్నది పూర్తిగా పరీక్షయి బయటికి వెళ్ళాకే కొత్త చీటీ ముట్టుకోవాలి. పని తెమలడం మొదలైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. లీన్ పేరు చెప్పి మనుషుల్ని పిండేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఒక పెద్దాయన ఎవరు ఎంతసేపు కాఫీకి వెళ్ళారో లెక్కపెట్టించేవాడు. అది లీన్ కాదు, లేకితనం. ఇనప ముక్కలన్నీ ఒక్కలా ఉంటాయి, ప్రోగ్రాములు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఫ్యాక్టరీ నుంచి తాడు తెచ్చుకోండి, స్టాప్‌వాచీ అక్కడే వదిలెయ్యండి.

వరసలు

ఉద్యోగంలో చివరి నాలుగేళ్ళు అమలాపురంలో పనిచేశాను. మా కంపెనీ అక్కడ ఒక చిన్న శాఖ పెట్టింది. ఈ వైపు దాన్ని కదా అని నన్ను పంపారు. గడియారస్తంభం దగ్గర ఒక బట్టల కొట్టు మేడ మీద ఆఫీసు. పన్నెండు మందిమి.

మా పని రొయ్యల చెరువులకి. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే యంత్రం ఒకటి చెరువులో ఉంటుంది. అది పంపిన అంకె రైతు ఫోనులో కనబడాలి. ఆక్సిజన్ తగ్గితే నీళ్ళు చిలికే ఏరియేటర్లు వెయ్యమని ఫోను చెప్పాలి. బాగుంటే ఆపుకోవచ్చు, కరెంటు కలిసొస్తుంది. ప్రోగ్రాము రాసేది శేషగిరి. గల్ఫ్‌లో పదేళ్ళు కంప్యూటర్ల పని చేసి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. పరీక్షించేది ప్రసన్న. కె.గంగవరం పిల్ల, చురుకైన కళ్ళు.

మా ప్రోగ్రాము మొదట వాడి చూస్తానని ముందుకొచ్చిన రైతు ముత్యాలరావు గారు. రాజోలు అవతల రెండు చెరువులు కౌలుకి చేస్తారు. ఆయనా కువైట్‌లో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి వచ్చినవారే. మొదటిసారి కలిసినప్పుడే చెప్పారు.

"పాస్‌పోర్టు బీరువాలోనే ఉందండి మేడమ్ గారూ. రెండు పంటలు చూస్తానండి. నిలబడితే సరే. లేదంటే మళ్ళీ విమానం ఎక్కడమేనండి. ఈ వయసులో ఎక్కబుద్ధి కావట్లేదు గానీ."

ఒక చెరువుకి మా యంత్రం పెట్టాం. ఇంకోదాన్ని ఆయన మామూలుగానే చూసుకుంటానన్నారు. "మీ చెరువు బాధ్యత నాది," అని నేను మాట ఇచ్చి వచ్చాను.

ఇక తాడు. అమలాపురంలో కొబ్బరి తాడుకి కరువేముంది? ఆఫీసు గోడ పొడుగునా కట్టించాను. చివర ఒక ఇత్తడి గంట. తేడా కనిపిస్తే ఎవరైనా లాగాలి, అందరూ చేతిలో పని ఆపాలి. మొదట అడగవలసిన మాట 'ఎవరు?' అని కాదు, 'ఎక్కడ?' అని. పిల్లలు నవ్వారు. "హారతి ఎన్నింటికండీ అత్తయ్యగారూ?" అని ఆటపట్టించారు.

అత్తయ్యగారు అంటే నేనే. ఆఫీసు తెరిచిన వారం తిరక్కుండానే అందరూ వరసలు కలిపేసుకున్నారు. ఎవరి ఊరేది, ఎవరి అమ్మమ్మది ఏ ఊరు అని కూపీ లాగి, శేషగిరి ప్రసన్నకి బాబాయ్ అయ్యాడు. శేషగిరికి నేను అక్కగారిని అయ్యాను. కాబట్టి పిల్లలందరికీ అత్తయ్యని. నాకూ హాయిగానే అనిపించింది. ఇన్నేళ్ళు మేడమ్ అనిపించుకుని విసిగిపోయి ఉన్నాను.

ఆరు వారాలు గడిచినా తాడు ఎవరూ లాగలేదు. నేనేమనుకున్నానో చెప్పనా? మావాళ్ళు ఎంత బాగా పనిచేస్తున్నారో అనుకున్నాను. గంట ఒక్కసారి కూడా మోగలేదని గొప్పగా హైదరాబాద్‌కి రాసి పంపాను కూడా. డైరెక్టరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. పెరుమాళ్ గారి లైనులో గంట మోగని రోజు లేదన్న సంగతి నాకు గుర్తుకే రాలేదు.

మబ్బు

ఆ ఆశ్వయుజంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. నాలుగో రోజు పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే ముత్యాలరావు గారి ఫోను.

"మేడమ్ గారూ, తీరిక ఉంటే ఓసారి వస్తారాండీ? తొందరేం లేదండి."

వెళ్ళేసరికి మా యంత్రం ఉన్న చెరువు గట్టు పొడుగునా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. మనుషులు వలలతో గట్టు మీదికి లాగుతున్నారు. రెండో చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి, దానికేం కాలేదు. ముత్యాలరావు గారు ఫోను నా చేతికిచ్చారు. అంకె బ్రహ్మాండంగా ఉంది. ఆ అంకెను నమ్మే ఆయన ఏరియేటర్లు ఆపుకున్నారు. గట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆఫీసుకి వచ్చి తవ్వితే సంగతి పది నిమిషాల్లో తేలింది. వానకి సిగ్నల్ పోయి యంత్రం నుంచి అంకెలు రావడం ఆగిపోయింది. అప్పుడు మా ప్రోగ్రాము 'అంకె రావడం లేదు' అని చెప్పాలి. అలా చెప్పకుండా, సిగ్నల్ పోయిన ప్రతిసారీ చివరగా వచ్చిన పాత అంకెనే చూపిస్తూ కూర్చుంటోంది.

"ఇది ఎవరికీ తెలీదా?" అని అడిగాను. ప్రసన్న ఏడుపు మొదలుపెట్టింది.

"నేను చూసేనండి అత్తయ్యగారూ. గంటల తరబడి అంకె కదలట్లేదేంటి బాబాయ్‌గారూ అని అడిగేను కూడా అండి. తర్వాత చూద్దామమ్మా అన్నారు. ఆయ్ అని ఊరుకున్నానండి."

"తాడు ఎందుకు లాగలేదమ్మా?"

"బాబాయ్‌గారి పని మీద నేను గంట కొడతానా అండీ? అందరి ముందూ?"

శేషగిరి తలెత్తలేదు. "పిల్ల తప్పేం లేదండి అక్కగారూ. అడిగింది. మీరు శుక్రవారానికి అయిపోవాలన్నారు కదండీ. ఇంకో రెండు రోజులు కావాలని మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రాలేదండి."

పిల్ల బాబాయ్‌కి మొహమాటపడింది. బాబాయ్ అక్కగారికి మొహమాటపడ్డాడు. అక్కగారు గంట మోగలేదని మురిసిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ రోజంతా నా మీద నేనే మండిపడ్డాను.

మర్నాడు క్షమించమని అడగడానికి మళ్ళీ రాజోలు వెళ్ళాను. ముత్యాలరావు గారు కొబ్బరిబొండాలు కొట్టించారు. "మీరేం చేస్తారండీ, మబ్బు పట్టింది," అని నన్నే ఓదార్చడం మొదలుపెట్టారు. ఆయన భార్య దుర్గమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విన్నారు. ఇక ఆగలేకపోయారు.

"పదిహేను రోజుల నాడే చూసేరండి ఈయన. ఫోనొకటి చెబుతోంది, సీసాలో నీళ్ళు పట్టి మందు చుక్కలేసి చూస్తే ఇంకోటి వస్తోంది అన్నారు. ఆవిడకి చెప్పండి అంటే, పెద్దావిడ, అంత చదువుకున్నావిడ, తప్పు పట్టినట్టుంటుందేమో అన్నారు. చివరికి ఫోను మాట కాదనలేక ఏరియేటర్లు ఆపేరండి. ఇప్పుడు చూడండి."

"ఊరుకోవే," అన్నారు ముత్యాలరావు గారు.

"ఊరుకునే ఇంతదాకా వచ్చేం," అన్నారావిడ.

ఆ మాటతో నేను కొబ్బరిబొండం కింద పెట్టేశాను. తన చెరువు పోతుందని అనుమానం వచ్చిన మనిషి కూడా నా మనసు కష్టపెట్టలేక నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన ఏ పుస్తకంలోనూ ఈ సమస్య లేదు.

"మా ఆఫీసులో ఒక తాడుందండి," అన్నాను ఆయనతో. "తేడా కనిపిస్తే దాన్ని లాగాలి. ఇవాళ్టినుంచి మీకూ దానిమీద హక్కుంది. పెద్దావిడని నేనే చెబుతున్నాను."

"ఆయ్," అన్నారాయన. అది సరేననే ఆయ్ కాదు, నా మాట కాదనలేక అన్న ఆయ్ అని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది.

పెద్దవాళ్ళు ముందు

రెండో చెరువు పంట చేతికి వచ్చింది కాబట్టి ముత్యాలరావు గారికి ఇంకో పంట వేసే అవకాశం మిగిలింది. ఒకే ఒక్కటి. నా రిటైర్మెంటుకి ఐదు నెలలు ఉంది. ప్రాజెక్టు మూసేద్దామా అని డైరెక్టరు గారు అడిగారు. మూయడానికి వీల్లేదని చెప్పాను. ముత్యాలరావు గారి బీరువాలో ఉన్న పాస్‌పోర్టే నా కళ్ళ ముందు ఉంది. దాన్ని బయటికి తీయించే పాపం మూటగట్టుకుని నేను ఇంటికి వెళ్ళదలచుకోలేదు.

మొదట చేసిన ప్రయత్నం శుద్ధ తెలివితక్కువది. ఇకమీద ఆఫీసులో వరసలు పనికిరావు, సర్, మేడమ్ అని పిలుచుకోండి అన్నాను. ఆ రోజంతా ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. అడ్డం వస్తున్నది పిలుపు కాదని, పిలుపు మానిపించినంత మాత్రాన మొహమాటం పోదని రెండో రోజు మధ్యాహ్నానికి తెలిసివచ్చి, నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు పెరుమాళ్ గారు అన్న "మంచిది" గుర్తొచ్చింది. నేను చిన్నదాన్ని, ఆయన పెద్దాయన. ఆయన దారి ఇచ్చారు కాబట్టి నేను లాగగలిగాను. మరి ఇక్కడ పెద్దదాన్ని నేను.

మర్నాడు పొద్దున్న అందరూ వచ్చాక లేచి వెళ్ళి తాడు లాగాను. గంట మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "శుక్రవారానికి అయిపోవాలని నేను పెట్టిన గడువు తప్పు. రెండు వారాల పనికి వారం ఇచ్చాను. ఇది నా తప్పు. సరిచేద్దాం రండి," అన్నాను. ఆ మాట అనడం నాకేమంత సులువు కాలేదు. తర్వాతి రోజు శేషగిరి లేచాడు. తన ప్రోగ్రాములో తనే పట్టుకున్న తప్పుకి తనే గంట కొట్టాడు. అలా పది రోజులు మేమిద్దరమే కొట్టుకున్నాం. పిల్లలు చూస్తూ కూర్చున్నారు.

ఈలోపు మధ్యలో ఉన్న బల్ల కూడా తీసేశాను. శేషగిరి కుర్చీ తీసుకెళ్ళి ప్రసన్న పక్కన వేయించాను. ఇతను రాసిన ప్రతి చిన్న ముక్కా ఆ పూటే ఆమె చేతికి వెళ్ళాలి. ఆమె సరే అన్నాకే ఇతను ఇంకోటి మొదలుపెట్టాలి. గోడ మీద చీటీలు మూడుకి మించకూడదన్నాను. డైరెక్టరు గారు వీడియోలో చూసి, ఇద్దరు ముగ్గురు ఖాళీగా కనిపిస్తున్నారే అన్నారు. కనిపిస్తారండి అన్నాను.

పదకొండో రోజు ప్రసన్న లేచింది. తాడు దాకా వెళ్ళి, మా వైపు తిరిగి చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని లాగింది. శేషగిరి రాసినదాని మీదే. గది మొత్తం శేషగిరి వైపు చూసింది. అతను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని, "ఎక్కడమ్మా? చూపించు," అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత గంట ఎన్నిసార్లు మోగిందో నేను లెక్కపెట్టలేదు. కింద కొట్టువాడు వచ్చి, బేరాలకి ఇబ్బందిగా ఉంది, కాస్త నెమ్మదిగా కొట్టండీ అని బతిమాలాడు.

విడుదల రోజు

ముత్యాలరావు గారు కొత్త పంటకి రెండు చెరువుల్లోనూ మా యంత్రాలే పెట్టుకున్నారు. ఆ నమ్మకానికి నాకు భయం వేసింది. సిగ్నల్ పోతే ఇప్పుడు ఫోను నిజం చెబుతోంది. ఆక్సిజన్ తగ్గితే సందేశం వస్తోంది. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక, ఇంకో నలభై మంది రైతులకి ఒకేసారి ఇవ్వడానికి ఒక శుక్రవారం పదకొండు గంటలకి ముహూర్తం పెట్టాం. హైదరాబాద్ నుంచి డైరెక్టరు గారు వీడియోలో కూర్చున్నారు. బయట వాన పడుతోంది.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా మెట్ల మీద చప్పుడైంది. ముత్యాలరావు గారు. రాజోలు నుంచి మోటారు సైకిలు మీద తడుస్తూ వచ్చారు. చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడ్డారు. రండి రండి అన్నాం. ప్రసన్న కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. నా వైపు చూశారు. గోడ వైపు చూశారు. తిన్నగా నడిచి వెళ్ళి తాడు లాగారు.

మరీ మెల్లగా లాగారు. గంట సరిగ్గా మోగలేదు. ఆయన ఊపిరి పీల్చుకుని మళ్ళీ లాగారు. ఈసారి గది దద్దరిల్లింది.

అందరి చేతులూ కీబోర్డుల మీదినుంచి లేచాయి. తెర మీద డైరెక్టరు గారు ఏమైంది ఏమైంది అంటున్నారు. "ఎక్కడండీ?" అన్నాను నేను.

ఆయన ప్లాస్టిక్ కవరులోంచి ఫోను తీసి చూపించారు. రెండు రోజుల కిందట ఆయన కొత్తపేటలో పెళ్ళికి వెళ్ళినప్పుడు చెరువులో ఆక్సిజన్ తగ్గింది. సందేశం సరైన వేళకి, చెరువు కాపలా ఉన్న మనిషి ఫోనుకీ వెళ్ళింది. ఆ సందేశం నేను స్వయంగా రాసినది. రైతులు పెద్దవాళ్ళు, గౌరవంగా ఉండాలని ఆలోచించి మరీ రాశాను. 'మీ చెరువులో ఆక్సిజన్ స్థాయి తగ్గుతున్నట్లు తెలుస్తున్నది. దయచేసి గమనించగలరు.'

"ఎంతో మర్యాదగా ఉందండి," అన్నారు ముత్యాలరావు గారు. "మావాడు చదివేడండి. గమనించేడండి. గమనించి టిఫినుకి వెళ్ళేడండి. మా ఆవిడ గట్టు మీదికి వెళ్ళబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఈ పంట కూడా పోయేదండి."

ఆఫీసంతా మొహమాటం వదిలించానని తిరుగుతున్న నేను, నా మొహమాటాన్ని చక్కగా నలభై చెరువులకి పంపించబోతున్నాను.

"నిన్న మూడుసార్లు మీ నంబరు నొక్కి కట్టేసేనండి," అన్నారాయన తల వంచుకుని. "మీరు రాసినది బాగోలేదని నోటితో అనలేకపోయేనండి. తాడైతే లాగగలననిపించింది. అందుకని వచ్చేనండి."

"మరి ఏం రాయమంటారు?"

"'ఏరియేటర్లు వెయ్' అని రాయండి."

"'వెయ్యండి' అందామా?"

"వద్దండి మేడమ్ గారూ." ఆయన మొదటిసారి నా కళ్ళలోకి చూసి చెప్పారు. "అక్కడ రొయ్యకి ఊపిరాడట్లేదండి. 'వెయ్' చాలండి."

డైరెక్టరు గారు, ఈ ఒక్క మాట తర్వాత మార్చుకోవచ్చు, నలభై మంది ఎదురుచూస్తున్నారు, ఇచ్చెయ్యండి అన్నారు. "గంట మోగిందండి, రేపిస్తాం," అని వీడియో కట్టేశాను. శేషగిరి సందేశంలో ఆ మాట మార్చాడు. ప్రసన్న పరీక్షించింది. అంతటితో ఊరుకోక, కాపలావాళ్ళు నలుగురికి చదివి వినిపించి, విన్నాక ఏం చేస్తారో అడిగి వచ్చింది. శనివారం మధ్యాహ్నం విడుదల చేశాం. డైరెక్టరు గారు నాతో నెల రోజులు ముభావంగా ఉన్నారు. నాకేం నష్టం లేదు.

నేను రిటైరైన మూడో వారంలో ముత్యాలరావు గారి చెరువు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే రోజు. రమ్మని కబురు పెడితే వెళ్ళాను. వల నిండా పడుతుంటే దుర్గమ్మ గారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ మనుషుల మీద కేకలేస్తున్నారు. ఆవిడకి తాడు అక్కర్లేదు. రెండో చెరువు కూడా పట్టడం అయ్యాక ముత్యాలరావు గారు చేతులు తుడుచుకుంటూ నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"పాస్‌పోర్టు గడువు మొన్నటితో అయిపోయిందండి," అన్నారు.

"మళ్ళీ చేయించరా?" అని అడిగాను.

"వద్దండి," అన్నారాయన.